ముందటి శాంపిల్ ఎక్కడ ఆగింది

220 హెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద, అంటే సెకనుకు 220 కంపనాలతో మొదలై, రెండు సెకన్లపాటు నిలకడగా పైకి జరుగుతూ, సరిగ్గా 440 హెర్ట్జ్ వద్ద ముగియవలసిన ఒక ధ్వనిని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. సంగీతం తెలిసినవారి మాటల్లో చెప్పాలంటే, ఒక షడ్జమం నుంచి దాని పై షడ్జమానికి సాగే జారు అది. కోడ్ ఎక్కడా ఆగకుండా నడిచింది, ఫైలు తయారైంది, కానీ వింటే ఆ స్వరం పై షడ్జమం దగ్గర ఆగలేదు. దాన్ని దాటుకుని పై పంచమం దాకా వెళ్ళిపోయింది. నా చెవి మీద నాకే అనుమానం వచ్చి, ఫైలులోని చివరి శాంపిళ్ళను, అంటే తరంగాన్ని క్షణక్షణానికీ చెప్పే అంకెలను, తెరమీద అచ్చు వేసుకుని, తరంగం ఒక చుట్టు తిరగడానికి ఎన్ని శాంపిళ్ళు పడుతున్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. సెకనుకు 44,100 శాంపిళ్ళు కాబట్టి, 440 హెర్ట్జ్ అయితే సుమారు 100 రావాలి. 67 వచ్చాయి. అంటే చివర్లో నా కోడ్ పలికించింది 660 హెర్ట్జ్.

ఆ 660 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి మూడు రోజులు పట్టింది. కోడ్‌తో ధ్వనిని పుట్టించడం మొదలుపెట్టాక నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా విలువైనది ఆ మూడు రోజుల్లోనే దొరికింది కాబట్టి, అక్కడిదాకా వచ్చిన దారిని మొదటి నుంచి రాస్తున్నాను.

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవారికి ధ్వని చాలా మంచి అభ్యాసమని నా గట్టి అభిప్రాయం. దానికి కావలసిన సామగ్రి తక్కువ: ఒక లూప్, ఒక జాబితా, సైన్ విలువను ఇచ్చే ఫంక్షన్, అంకెలను ఫైలులో రాసే మార్గం. ఈ చివరి పనికి పైథాన్‌తో పాటే వచ్చే వేవ్ మాడ్యూల్ సరిపోతుంది. వేరే ఏదీ దించుకోనక్కరలేదు. పైగా తప్పు చేస్తే అది వెంటనే వినబడుతుంది. పట్టికలో ఒక అంకె తప్పుగా పడితే వారం రోజులు కంటికి ఆనకపోవచ్చు గాని, తరంగంలో ఒక్క శాంపిల్ గతి తప్పినా చెవి ఊరుకోదు.

స్పీకర్ పొర ముందుకూ వెనక్కూ కదిలి గాలిని కదిలిస్తుంది. ఏ క్షణంలో ఆ పొర ఎక్కడ ఉండాలో చెప్పే అంకె పేరే శాంపిల్. సీడీల కాలం నుంచి వాడుకలో ఉన్న ప్రమాణం ప్రకారం సెకనుకు 44,100 శాంపిళ్ళు ఉంటాయి. ఈ అంకె వింతగా కనిపిస్తుంది కాని, దానికి చరిత్ర ఉంది. తొలినాళ్ళలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద దాచేవారు. సెకనుకు 60 ఫీల్డులు (ఒక్కో ఫీల్డు అంటే వీడియో బొమ్మలో సగం), ఒక్కో ఫీల్డులో పనికివచ్చే 245 గీతలు, గీతకు మూడు శాంపిళ్ళు, మూడింటినీ గుణిస్తే 44,100. సెకనుకు 50 ఫీల్డుల పద్ధతిలో 294 గీతలు వాడినా అదే అంకె వస్తుంది. ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు కేటాయిస్తారు కాబట్టి, దాని విలువ −32,768 నుంచి 32,767 వరకు ఉండవచ్చు.

నేను మొదట రాసినది ఒక సెకను పాటు మోగే 440 హెర్ట్జ్ సైన్ తరంగం, గరిష్ఠ విలువ 16,000. ఫైలు తయారయ్యాక వినడానికి ముందే దాని పరిమాణం చూశాను: 88,244 బైట్లు. 44,100 శాంపిళ్ళకు రెండేసి బైట్ల చొప్పున 88,200, ముందు వచ్చే శీర్షభాగానికి 44. లెక్క బైటుతో సహా కుదిరినందుకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. తరువాత శాంపిళ్ళను అచ్చు వేశాను. 0, 1002, 2000, 2991, 3970. వాటి మధ్య తేడాలు 1002, 998, 991, 979. తరంగం శిఖరం వైపు వెళ్తున్నకొద్దీ అడుగులు చిన్నవవుతున్నాయి. 25వ శాంపిల్ దగ్గర, 15,999 వద్ద, దాదాపు నిలిచిపోయి మళ్ళీ కిందికి దిగుతున్నాయి. పాఠ్యపుస్తకంలో గీసిన వంపుగా మాత్రమే తెలిసిన సైన్ రేఖ ఆ రోజు నాకు ఒక నడకగా కనబడింది. ఈ మాట ముందు ముందు పనికివస్తుంది.

ఆ తరువాతి ప్రయోగాలు త్వరత్వరగా సాగాయి. 440, 443 హెర్ట్జ్ తరంగాలు రెండింటినీ శాంపిల్‌కు శాంపిల్ కూడితే, సెకనుకు మూడుసార్లు ఉబ్బి తగ్గే ఒకే స్వరం వినబడింది. భౌతికశాస్త్ర పాఠంలో విస్పందనాలు అని చదివినది ఇదే. గరిష్ఠ విలువ 20,000 ఉన్న రెండు తరంగాలను కూడినప్పుడు మొత్తం 32,767ను దాటి, పైథాన్ పొరపాటు సందేశం చూపి ఆగిపోయింది. అది నాకు మేలే చేసింది. 16 బిట్ల పూర్ణాంకాన్ని హద్దు చూడకుండా వాడే చోట 40,000 కాస్తా −25,536గా మారిపోతుంది; అప్పుడు స్పీకర్ పొర ఒక కొస నుంచి రెండో కొసకు విసిరేసినట్టు దూకి, చెవులు గింగురుమనే శబ్దం వస్తుంది. అప్పటి నుంచి తరంగాలన్నిటినీ −1కి 1కి మధ్య దశాంశ సంఖ్యలుగానే ఉంచి, చివర ఫైలులో రాసేటప్పుడు మాత్రమే పూర్ణాంకాలుగా మారుస్తున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇలాంటి ప్రయోగాలు చేసేవారు ముందుగా శబ్దాన్ని బాగా తగ్గించి వినాలని మనవి.

అసలు చిక్కు రెండు స్వరాలను ఒకదాని తరువాత ఒకటి పేర్చినప్పుడు మొదలైంది. అరసెకను చొప్పున స్వరాలు రాసి వరుసగా కలిపితే, కొన్ని అతుకుల దగ్గర టక్కుమని శబ్దం వచ్చేది, కొన్నింటి దగ్గర వచ్చేది కాదు. 440 హెర్ట్జ్ తరువాత ఎప్పుడూ రాలేదు, 261.63 హెర్ట్జ్ తరువాత ప్రతిసారీ వచ్చింది. కారణం అంకెల్లోనే ఉంది. అరసెకనులో 440 హెర్ట్జ్ తరంగం సరిగ్గా 220 చుట్లు తిరిగి, మొదలైన చోటికి, అంటే సున్నాకు, చేరుకుంటుంది. 261.63 హెర్ట్జ్ తరంగమైతే 130 చుట్లు పూర్తిచేసి, 131వ చుట్టులో ఐదింట నాలుగు వంతులు నడిచి, సుమారు −14,900 దగ్గర ఉండగా దాన్ని నేను కోసేశాను. తరువాతి స్వరం సున్నా నుంచి మొదలైంది. ఈ తరంగంలో పక్కపక్క శాంపిళ్ళ మధ్య తేడా 600ను ఎప్పుడూ దాటదు. అతుకు దగ్గర మాత్రం ఒక్క అడుగులో 14,900 దూకవలసి వచ్చింది. అంత నిటారైన దూకుడులో అన్ని పౌనఃపున్యాలూ కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి, అందుకే చెవికి అది స్వరంగా గాక దెబ్బగా వినబడుతుంది.

చాలామంది దీనికి చెప్పే మందు, ప్రతి స్వరాన్నీ సున్నా నుంచి మెల్లగా పెంచి, చివర మెల్లగా తగ్గించడం. 10 మిల్లీసెకన్లు, అంటే 441 శాంపిళ్ళ మేర అలా చేస్తే టక్కు మాయమవుతుంది. నేనూ అదే చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. అయితే స్వరాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టేచోట మాత్రమే ఆ మందు పనిచేస్తుంది. ఆగకుండా సాగే జారులో మెల్లగా తగ్గించడానికి సందు ఎక్కడిది? ఆ జారు దగ్గరికి వచ్చేసరికి నేను దాటవేసిన ప్రశ్న తిరిగి నా ముందుకే వచ్చింది.

నా కోడ్ చేసిన పని ఇది. ప్రతి శాంపిల్ దగ్గర, మొదటి నుంచి ఎంత కాలం గడిచిందో చూసి, ఆ క్షణంలో ఉండవలసిన పౌనఃపున్యాన్ని కనుక్కుని, ఆ రెండింటినీ గుణించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కగట్టి, దాని సైన్ విలువను తీసుకుంది. పౌనఃపున్యం మారనంత కాలం ఈ లెక్కలో దోషం లేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు వెళ్ళిన బండి 80 కిలోమీటర్లు దాటుతుంది. కాని దారిపొడవునా వేగం పెంచుకుంటూ వచ్చిన బండి ఎంత దూరం వెళ్ళిందో, ఇప్పుడు ముల్లు చూపుతున్న వేగాన్ని మొత్తం కాలంతో గుణించి చెప్పగలమా? నేను సరిగ్గా ఆ తప్పే చేశాను. గడిచిన కాలమంతా ఆ స్వరం ఇప్పటి పౌనఃపున్యంతోనే మోగినట్టు, ప్రతి శాంపిల్ దగ్గరా గతాన్ని తిరగరాశాను.

కాగితం మీద చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. సెకనుకు 110 చొప్పున పెరిగే పౌనఃపున్యం 220తో మొదలైతే, దాన్ని కాలంతో గుణించినప్పుడు వచ్చే చుట్ల సంఖ్యలో కాలవర్గం మీద 110 గుణకంగా నిలుస్తుంది. చుట్ల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతుందో అదే చెవికి వినబడే పౌనఃపున్యం కాబట్టి, అవకలనం చేస్తే ఆ 110 కాస్తా 220 అవుతుంది. అంటే స్వరం సెకనుకు 110 బదులు 220 హెర్ట్జ్ చొప్పున ఎక్కింది. రెండు సెకన్లకు 440 ఎక్కి, 220తో కలిపి 660కి చేరింది. అవకలనాన్ని పరీక్షల కోసం నేర్చుకున్నాను గాని, దాని జవాబు ఒక పంచమంగా వినబడగలదని అంతకుముందు ఎన్నడూ అనుకోలేదు.

ఇదే తప్పును కంపిత స్వరంలో చేస్తే ఇంకా విపరీతంగా ఉంటుంది. 440 హెర్ట్జ్ స్వరాన్ని సెకనుకు ఆరుసార్లు, అటూ ఇటూ 5 హెర్ట్జ్ మేర మాత్రమే ఊగించాలని రాస్తే, మొదట సన్నగా, అందంగానే వినబడుతుంది. కాలం గడిచేకొద్దీ ఊపు పెరుగుతూ పోతుంది. ఒక సెకను దాటేసరికి అది ఇటు 188, అటు 188 హెర్ట్జ్ అవుతుంది, రెండో సెకను చివర దానికి రెట్టింపు. ఈ ప్రయోగాన్ని తప్పని తెలిసే ఒకసారి చేసి వినవలసిందిగా కోరుతున్నాను. ఇందులో ఏముందో ఎంత రాసినా, ఆ స్వరం క్షణక్షణానికి అదుపు తప్పుతుండగా వింటే అర్థమైనంతగా అర్థం కాదు.

దిద్దుబాటు రెండు వరుసల కోడ్. దశ అనే పేరుతో ఒక వేరియబుల్ పెట్టుకోవాలి. తరంగం తన చుట్టులో ఎంతవరకు వచ్చిందో అది 0కి 1కి మధ్య ఒక సంఖ్యగా చెబుతుంది. ప్రతి శాంపిల్ దగ్గర, అప్పటి పౌనఃపున్యాన్ని 44,100తో భాగించి దశకు కూడాలి. 1ని దాటితే 1 తీసేయాలి. అంతే. మొదటి నుంచి గడిచిన కాలంతో ఇక పని లేదు. ముందటి శాంపిల్ ఎక్కడ ఆగిందో, ఇప్పుడు ఎంత పొడవు అడుగు వేయాలో, ఈ రెండే తెలియాలి. పౌనఃపున్యం అంటే అడుగు పొడవు. అది మధ్యలో ఎలా మారినా తరంగం తెగదు, ఎందుకంటే ప్రతి అడుగూ ముందటి అడుగు పడిన చోటి నుంచే మొదలవుతుంది. జారు 440 దగ్గర ఆగింది, కంపితం 5 హెర్ట్జ్‌ను దాటలేదు, రెండు స్వరాల మధ్య విరామం లేకుండా పౌనఃపున్యాన్ని మార్చినా టక్కు రాలేదు. మూడు వేర్వేరు జబ్బులనుకున్నవి ఒకే లోపం వల్ల పుట్టాయని ఆ సాయంత్రం తెలిసింది.

దశ చేతికి వచ్చాక మిగిలిన తరంగాలు దాదాపు వాటంతట అవే వచ్చాయి. దశ 0.5 కంటే తక్కువైతే 1, లేకపోతే −1 అని రాస్తే చతురస్ర తరంగం. దశను రెట్టింపు చేసి 1 తీసేస్తే రంపపు పళ్ళ తరంగం. త్రిభుజ తరంగానికి ఇంకొక్క వరుస ఎక్కువ. సైన్ స్వరం నున్నగా, ఏ రంగూ లేనట్టుంటే, చతురస్రం బోలు గొట్టంలో నుంచి వచ్చినట్టు, రంపం ఇత్తడి మీద గీసినట్టు ఉంటాయి. ఏ ఆవర్తన తరంగాన్నైనా సైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చన్న ఆలోచన 1822లో ఉష్ణప్రసారం మీద ఫ్రెంచి గణితవేత్త ఫూరియే ప్రచురించిన గ్రంథంతో ప్రసిద్ధికెక్కింది. దాని ప్రకారం చతురస్రంలో మూల పౌనఃపున్యానికి 3, 5, 7 రెట్ల బేసి అనుస్వరాలు మాత్రమే, వరుసగా మూడో వంతు, ఐదో వంతు, ఏడో వంతు బలంతో ఉంటాయి. రంపంలో సరి, బేసి అన్నీ ఉంటాయి. చెవికి తోచిన తేడాకు ఇదే కారణం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దశతో నేరుగా రాసిన చతురస్రాన్ని 5,000 హెర్ట్జ్ వద్ద మోగిస్తే, ఆ కీచుశబ్దం అడుగున ఎక్కడో ఒక లోతైన స్వరం కూడా వినబడింది. నేను రాయని స్వరం అది. సెకనుకు 44,100 శాంపిళ్ళతో అందులో సగానికి, అంటే 22,050 హెర్ట్జ్‌కు, పైన ఉన్నదాన్ని చూపడం సాధ్యం కాదు. 1928లో ఇంజనీరు నైక్విస్ట్, 1949లో గణితవేత్త షానన్ రాసిన వ్యాసాల్లో ఈ విషయానికి పునాది ఉంది. హద్దు దాటిన అనుస్వరం మాయం కాదు, వేరే పౌనఃపున్యం వేషంలో వెనక్కి వస్తుంది. 5,000కు తొమ్మిది రెట్లైన 45,000 హెర్ట్జ్ అనుస్వరం, 44,100ను 900 మేర దాటినందువల్ల, 900 హెర్ట్జ్ స్వరంగా వినబడింది. ఏడో అనుస్వరం 9,100 దగ్గర దిగింది. దీనికి మందు, హద్దు లోపలి అనుస్వరాలను మాత్రమే ఒక్కొక్క సైన్‌గా కూడుకుంటూ చతురస్రాన్ని కట్టడం: 220 హెర్ట్జ్ స్వరానికి 99వ అనుస్వరం వరకు 50 సైన్‌లు సరిపోతాయి, 5,000 హెర్ట్జ్‌కు రెండే. అలా కట్టిన చతురస్రం అంచుల దగ్గర, దూకుడు ఎత్తులో సుమారు 9 శాతం మేర పైకి పొంగుతుంది. ఎన్ని సైన్‌లు కలిపినా ఆ పొంగు సన్నబడుతుందే గాని ఎత్తు తగ్గదు. కాబట్టి దానికి పైన కొంత ఖాళీ ఉంచాలి.

1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో మ్యాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రామ్‌తో ఐబీఎం 704 యంత్రం 17 సెకన్ల సంగీతాన్ని పలికించింది. గది నిండే యంత్రం మీద వాళ్ళు ఎంతో ఓపికతో చేసిన పనిని ఇప్పుడు ఎవరైనా ఒక సాయంత్రంలో చేసి చూడగలగడం నాకు నిజంగా అపురూపంగా అనిపిస్తుంది.

ఈ మధ్య నా రోజులన్నీ వేరొక పద్ధతితో గడుస్తున్నాయి. కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ 1983లో ప్రచురించిన ఈ పద్ధతిలో సైన్ లేదు, దశ కూడా లేదు. ముందటి శాంపిళ్ళు తప్ప మరేమీ లేవు. జాబితాలో −1కి 1కి మధ్య 200 యాదృచ్ఛిక సంఖ్యలు వేస్తాం. మొదటి సంఖ్యను ధ్వనిగా బయటికి పంపి, దానికీ అంతకుముందు బయటికి పంపిన సంఖ్యకూ సగటు తీసి, ఆ సగటును జాబితా చివర చేరుస్తాం. ఇదే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తాం. మొదటి క్షణంలో వినబడేది ఉత్త రొద. కాని ప్రతి చుట్టులోనూ పక్కపక్క సంఖ్యలు సగటై నునుపెక్కుతూ ఉంటే, పై అనుస్వరాలు ముందుగా, కింది అనుస్వరాలు తరువాత తరువాత చచ్చుబడి, ఆ రొద మీటిన తీగగా మారుతుంది. నిజమైన తీగలోనూ సన్నని అనుస్వరాలే ముందుగా అణగిపోతాయి. పది వరుసల కోడ్‌లో నుంచి తీగ మోగడం మొదటిసారి విన్నప్పుడు, ఎక్కడో రికార్డు చేసిన ఫైలు పొరపాటున మోగుతోందేమోనని చూసుకున్నాను.

సగటు తీయడం వల్ల అర శాంపిల్ ఆలస్యం కలుస్తుంది కాబట్టి, 200 సంఖ్యల జాబితా ఒక చుట్టుకు 200.5 శాంపిళ్ళు తీసుకుంటుంది. 44,100ను దానితో భాగిస్తే 219.95 హెర్ట్జ్, 220కి చాలినంత దగ్గర. పై స్వరాల దగ్గర ఇలా కుదరదు. 1,760 హెర్ట్జ్ కావాలంటే జాబితా పొడవు 24.56 ఉండాలి. 25 పెడితే 1,729, 24 పెడితే 1,800. మొదటిది వినగానే తెలిసేంత తక్కువ, రెండోది అంతకన్నా ఎక్కువ అపశ్రుతి. డేవిడ్ జాఫ్, జూలియస్ స్మిత్ అదే 1983లో దీనికి దారి చూపారు: చుట్టులో ఒక చిన్న ఫిల్టర్‌ను చేర్చి, శాంపిల్‌లో కొంత భాగం మేర మాత్రమే ఆలస్యం కలిగించడం. ఆ ఫిల్టర్‌కు కూడా తన ముందటి విలువను గుర్తుంచుకునే వేరియబుల్ ఒకటి కావాలి. నిన్న రాత్రి దాన్ని రాసి 1,760 దగ్గర మోగించాను; శ్రుతి కుదిరింది కాని, తీగ అనుకున్నదానికన్నా త్వరగా అణగిపోతోంది. ఆ వేరియబుల్‌ను చుట్టులో ఎక్కడ మారుస్తున్నానో ఈ రోజు మళ్ళీ చూడాలి.